మిసిసిపిలో పెల్లాగ్రా: కారణం తెలిసిన తరువాత ముప్పై ఏళ్లు

పెల్లాగ్రా అన్న పేరు నేటి పాఠకులలో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. వైద్యవిద్యార్థులు సైతం దానిని పరీక్షల కోసం చదవడమే కాని, రోగిని కళ్లారా చూసే సందర్భం ఇప్పుడు అరుదు. ఎండ తగిలే చోట్ల, అంటే ముంజేతుల మీద, పాదాల పైభాగాన, మెడ చుట్టూ చర్మం మొదట ఎర్రబడుతుంది. పిదప నల్లబడి, గరుకెక్కి, పొలుసులుగా రాలుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్ దేశంలో ఈ వ్యాధిని తొలిసారిగా వర్ణించిన వైద్యుడు గాస్పర్ కాసాల్. మెడలో హారం వేసినట్లుండే ఆ మచ్చను నేటికీ ఆయన పేరుతో ‘కాసాల్ హారం’ అనే పిలుస్తాము. నోరు పూస్తుంది, నాలుక ఎర్రగా మండుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తరువాత మనసు చెదురుతుంది. దిగులు, నిద్రలేమి, భ్రాంతి, చివరకు ఉన్మాదం. చికిత్స లేకపోతే మరణం. ఇటలీ రైతులు తమ భాషలో ‘గరుకు చర్మం’ అని పిలుచుకున్న మాటే పెల్లాగ్రాగా వైద్యగ్రంథాల్లోకి వచ్చింది.

దీనికి కారణం నయాసిన్ అనే బి3 విటమిన్ లోపమని నేడు మనకు తెలుసు. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి శరీరం కొంత నయాసిన్‌ను తయారు చేసుకోగలదు. కనుక పాలు, గుడ్లు, మాంసం, పప్పులు తినేవారికి ఈ జబ్బు రాదు. మొక్కజొన్నే ముఖ్యాహారమై, దానితో తినడానికి మరేమీ లేనివారికి వస్తుంది.

ఇంతవరకు పాఠ్యపుస్తకం చెప్పే విషయమే. నేను చెప్పదలచినది దాని వెనుకనున్న చరిత్ర. అమెరికా దక్షిణ ప్రాంతంలోని మిసిసిపి రాష్ట్రంలో, 1915 నాటికే, ఈ వ్యాధి తిండి లోపం వల్ల వస్తుందని ఎవరూ కాదనలేని రీతిలో రుజువైంది. అయినా అక్కడి పల్లెలలో అది మరో ముప్పై ఏళ్లు మనుషులను చంపుతూనే ఉంది. 1906 నుండి 1940 వరకు అమెరికా మొత్తం మీద సుమారు 30 లక్షలమందికి ఈ వ్యాధి సోకిందని, దాదాపు లక్షమంది మరణించారని అంచనా. మృతులలో సగంమంది నల్లజాతివారు. మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలు. జ్ఞానం చేతిలో ఉండి కూడా ఇన్ని ప్రాణాలు ఎందుకు పోయాయన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆనాటి మిసిసిపి పల్లె ఎలా ఉండేదో ముందు చూడాలి. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం చట్టరీత్యా రద్దయినా భూమి మాత్రం పాత యజమానుల చేతుల్లోనే మిగిలింది. విముక్తులైన నల్లజాతివారు, వారితోపాటు పేద తెల్లవారు, పంటలో వాటా ఇచ్చే ఒప్పందం మీద ఆ భూములనే సాగుచేశారు. పండించవలసినది పత్తి ఒక్కటే. పత్తి పంట గుడిసె గుమ్మం దాకా ఉండేది; కూరపాదుకు, ఆవును కట్టేసుకోవడానికి చోటు వదలడం భూస్వామికి నష్టం. పంట చేతికొచ్చేదాకా తిండిగింజలు యజమాని కొట్టులోనే అప్పుకు తెచ్చుకోవాలి. ఆ కొట్టులో దొరికేవి ప్రధానంగా మూడు: మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పందికొవ్వు, చెరకు పాకం. కడుపు నిండుతుంది, పని చేయడానికి శక్తీ వస్తుంది. కాని ఆ ఆహారంలో నయాసిన్ దాదాపు లేదు. చలికాలమంతా ఇదే తిన్నవారికి వసంతం రాగానే, ఎండ తగలగానే, ముంజేతుల మీద మచ్చలు తేలేవి. పల్లెజనం దానిని వసంతకాలపు జబ్బుగానే ఎరుగుదురు.

ఒక విషయం ఇక్కడ చెప్పుకోవాలి. మొక్కజొన్న పుట్టినిల్లు మెక్సికో. అక్కడివారు వేల ఏళ్లుగా దానినే తిని బతికారు. వారికి పెల్లాగ్రా రాలేదు. కారణం వారి వంట పద్ధతి. గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, ఆ తరువాతే రుబ్బుతారు. మొక్కజొన్నలో బంధితమై ఉన్న నయాసిన్‌ను సున్నం విడిపించి శరీరానికి అందేలా చేస్తుంది. ఐరోపావారు గింజను తీసుకువెళ్లారు కాని, వంటింటి విద్యను తీసుకువెళ్లలేదు. దానికి తోడు, 1900 తరువాత పెద్ద మిల్లులు గింజలోని అంకుర భాగాన్ని యంత్రాలతో తొలగించడం మొదలుపెట్టాయి. పిండి ఎక్కువకాలం నిలవ ఉండేందుకు చేసిన ఆ పని వల్ల, ఉన్న కాస్త పోషకం కూడా పోయింది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రులు, అనాథాశ్రమాలు, నూలుమిల్లుల వాడలు పెల్లాగ్రా రోగులతో నిండిపోయాయి. ఇది అంటువ్యాధి అని అత్యధికులు నమ్మారు. ఆ రోజుల్లో సూక్ష్మజీవి శాస్త్రం ఉజ్జ్వలంగా వెలుగుతోంది. ప్రతి రోగానికీ ఒక క్రిమి ఉండితీరాలన్న ధోరణి వైద్యులలో బలంగా ఉండేది. మరికొందరు ఇది వంశపారంపర్య బలహీనత అన్నారు. రోగులను కొన్ని ఆసుపత్రులు చేర్చుకోవడానికే భయపడేవి.

1914లో కేంద్ర ప్రజారోగ్య సేవాశాఖ ఈ సమస్యను డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌కు అప్పగించింది. ఆయన ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టి, బాల్యంలోనే న్యూయార్క్‌కు వలస వచ్చిన యూదు కుటుంబంలోని వ్యక్తి. అంతకు ముందు పచ్చకామెర్ల జ్వరం, టైఫస్, డెంగీ వంటి అంటువ్యాధుల మీద పనిచేసి, వాటిలో కొన్నింటిని తానే అనుభవించినవాడు. ఆయన దక్షిణాది సంస్థలన్నీ తిరిగి చూసి, ఒక చిన్న విషయాన్ని పట్టుకున్నాడు. పిచ్చాసుపత్రులలో రోగులకు పెల్లాగ్రా వస్తోంది. ఏళ్ల తరబడి వారి మధ్యనే మెలగుతున్న నర్సులకు, సహాయకులకు రావడం లేదు. అంటువ్యాధికి ఉద్యోగి, రోగి అన్న భేదం ఉండదు కదా! ఆ భేదం పాటించేది వంటశాల ఒక్కటే.

మిసిసిపి రాజధాని జాక్సన్‌లోని మెథడిస్టు అనాథాశ్రమంలో ఆ ఏడు 211 మంది పిల్లలుండగా, 68 మందికి పెల్లాగ్రా ఉంది. అందులోనూ దాదాపు అందరూ ఆరు నుండి పన్నెండేళ్ల లోపువారే. ఆరేళ్ల లోపు పసివారికి ఆశ్రమం పాలు ఇచ్చేది. పన్నెండు దాటిన పిల్లలు పనిచేసేవారు కనుక వారికి కాస్త మాంసం దొరికేది. మధ్య వయసువారు పాలకు పెద్దవారు, మాంసానికి చిన్నవారు. గోల్డ్‌బెర్గర్ కేంద్ర ప్రభుత్వ నిధులతో ఆ ఆశ్రమానికీ, జాక్సన్‌లోనే ఉన్న బాప్టిస్టు ఆశ్రమానికీ పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు ఏర్పాటు చేశాడు. పారిశుద్ధ్యంలో ఏ మార్పూ చేయలేదు. ఏడాది తిరిగేసరికి రెండు ఆశ్రమాలలో కలిపి ఒకే ఒక్క బిడ్డలో వ్యాధి తిరగబెట్టింది. తరువాత నిధులు ఆగి, పాత తిండి మళ్లీ మొదలైనప్పుడు పెల్లాగ్రా కూడా మళ్లీ వచ్చింది. ఇంతకంటె స్పష్టమైన ప్రయోగం కోరుకున్నా దొరకదు.

నయం చేయగలిగినంత మాత్రాన కారణం రుజువైనట్లు కాదని విమర్శకులు అన్నారు. అందుకు సమాధానంగా 1915లో జాక్సన్ సమీపంలోని రాంకిన్ కారాగార వ్యవసాయక్షేత్రంలో మరొక ప్రయోగం జరిగింది. శిక్ష అనుభవిస్తున్న పన్నెండుమంది ఆరోగ్యవంతులైన తెల్లజాతి పురుషులు, ప్రయోగం పూర్తిచేస్తే క్షమాభిక్ష ఇస్తానని గవర్నరు ఎర్ల్ బ్రూయర్ రాసి ఇచ్చిన హామీ మీద ముందుకు వచ్చారు. పెల్లాగ్రా అతి తక్కువగా సోకేది ఆ వర్గానికే కనుక వారినే ఎంచుకున్నారు. ఏప్రిల్ నుండి అక్టోబరు చివరి దాకా వారికి పెట్టినది మొక్కజొన్న రొట్టె, జావ, వరి అన్నం, చిలగడదుంపలు, కొద్దిగా ఆకుకూర, చెరకు పాకం, చక్కెర వేసిన కాఫీ. మొదట్లో వారు సంతోషించారట. కడుపునిండా తిండి, అంతకు ముందుకంటె తేలికపని. కొన్ని వారాలకే నీరసం, కడుపునొప్పి, తలతిరుగుడు పట్టుకున్నాయి. అయిదు నెలలు దాటాక మచ్చలు తేలాయి. ఒకరు మధ్యలోనే వేరే జబ్బు కారణంగా తప్పుకోగా, మిగిలిన పదకొండుమందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. అదే క్షేత్రంలో మామూలు తిండి తిన్న ఇతర ఖైదీలలో ఒక్కరికీ రాలేదు.

నేటి వైద్యనీతి ప్రకారం ఇటువంటి ప్రయోగానికి ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు. స్వేచ్ఛను ఎరగా చూపి ఖైదీ సమ్మతిని పొందడం సమ్మతి కాదని నా అభిప్రాయం. శాస్త్రం ముందుకు వెళ్లింది నిజమే, ఆ మెట్టుగా నిలిచినవారు నిస్సహాయులన్నదీ నిజమే. అయితే గోల్డ్‌బెర్గర్ ఇతరులను మాత్రమే బలిపెట్టిన మనిషి కాడు. క్రిమివాదులు అప్పటికీ ఒప్పుకోకపోవడంతో 1916లో తానే ప్రయోగవస్తువయ్యాడు. పెల్లాగ్రా రోగుల రక్తాన్ని సూదితో ఎక్కించుకున్నాడు. వారి మలమూత్రాలను, చర్మపు పొలుసులను పిండిలో కలిపి ఉండచేసి మింగాడు. ఆయన సహచరులు, భార్య మేరీతో కలిపి మొత్తం పదహారుమంది ఈ పరీక్షల్లో పాల్గొన్నారు. మేరీకి రోగి రక్తం ఎక్కించారు. ఒక్కరికీ వ్యాధి రాలేదు.

అక్కడితో వాదం ముగిసి ఉండాలి. ముగియలేదు. ఎందుకంటే, అప్పటికి వాదం శాస్త్రానిది కాదు, పరువుది.

గోల్డ్‌బెర్గర్ తన సహచరుడు, ఆర్థికశాస్త్రవేత్త ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్‌తో కలిసి (ఈయన నవలారచయిత్రి పెర్ల్ బక్‌కు అన్నగారు) సౌత్ కరొలైనా నూలుమిల్లు వాడలలో ఇంటింటికీ తిరిగి ఆదాయం, తిండి, జబ్బుల లెక్కలు తీశారు. ఆదాయం తగ్గినకొద్దీ పెల్లాగ్రా పెరిగింది. అంటే మూలం కూలి రేటులో, కౌలు ఒప్పందంలో, ఒంటి పంట సేద్యంలో ఉంది. ఇది పాలకులకు రుచించే మాట కాదు. 1920లో పత్తి ధర కుప్పకూలింది. 1921లో దక్షిణాదిన లక్షమంది పెల్లాగ్రా పాలుకావచ్చునని ప్రజారోగ్యశాఖ హెచ్చరించింది. అధ్యక్షుడు హార్డింగ్ సహాయం చేయమని రెడ్‌క్రాస్‌ను కోరాడు. దానికి దక్షిణాది నాయకులు, పత్రికలు, వ్యాపార సంఘాలు చూపినది కృతజ్ఞత కాదు, ఆగ్రహం. మా ప్రాంతంలో కరువు లేదు, ఇది మా పేరు చెడగొట్టే ప్రచారం అన్నారు. పెట్టుబడులు రావని, భూముల ధరలు పడిపోతాయని భయపడ్డారు. ఆరోగ్యాధికారులలో కూడా కొందరు వారితో గొంతు కలిపారు. సహాయాన్ని తిరస్కరించిన నాయకుల ఇళ్లలో పాలకూ మాంసానికీ లోటులేదు.

1927 ఏప్రిల్‌లో మిసిసిపి నది కట్టలు తెంచుకుంది. డెల్టా ప్రాంతం నెలల తరబడి మునిగిపోయింది. ఆవులు, కోళ్లు, తోటలు పోయాయి, పెల్లాగ్రా విజృంభించింది. రోగ నివారణకు చవకైన మందు కోసం వెతుకుతున్న గోల్డ్‌బెర్గర్‌కు అప్పటికే ఒకటి దొరికింది. బీరు తయారీలో వాడే ఈస్టును ఎండబెట్టి రోజూ కొద్దిగా ఇస్తే చాలు. ఈసారి రెడ్‌క్రాస్ వేల పౌండ్ల ఈస్టును శిబిరాలలో పంచింది, వేలమంది కోలుకున్నారు. అయినా ఆయన తన నివేదికలో ఈస్టు గురించి చెప్పి ఊరుకోలేదు. కౌలు పద్ధతి, అప్పు, ఒంటి పంట మారనిదే ఈ జబ్బు పోదని అందులోనూ స్పష్టం చేశాడు. 1929 జనవరి 17న మూత్రపిండ కేన్సరుతో ఆయన మరణించాడు. ఆ ఏడాదే విటమిన్ల పరిశోధనకు నోబెల్ బహుమతి మరో ఇద్దరికి, ఐక్‌మన్, హాప్కిన్సులకు దక్కింది.

విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ 1937లో నికోటినిక్ ఆమ్లమే ఆ పదార్థమని కనుగొన్నాడు. 1942లో సౌత్ కరొలైనా పిండిలో విటమిన్లు కలపడాన్ని తప్పనిసరి చేస్తూ తొలి చట్టం తెచ్చింది. 1943లో యుద్ధకాల ఉత్తర్వుతో దేశమంతటా రొట్టెలో విటమిన్లు చేరాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి పెల్లాగ్రా దాదాపు మాయమైంది. ప్రజారోగ్య విధానానికి ఇది గొప్ప విజయమే, సందేహం లేదు. కాని ఎవరికీ భూమి ఇవ్వకుండా, ఎవరి కూలీ పెంచకుండా, ఎవరి అప్పూ తీర్చకుండా సాధించిన విజయమిది. వ్యాధి పోయింది, దాన్ని కన్న దరిద్రం అలాగే ఉండిపోయింది.

ఈ కథలో మన హైదరాబాదుకు కూడా ఒక అధ్యాయం ఉంది. మొక్కజొన్న తినేవారికే పెల్లాగ్రా వస్తుందని ప్రపంచం అనుకుంటున్న రోజుల్లో, దక్కను పీఠభూమిలో జొన్నలు తినే నిరుపేదలలో ఇది కనిపించింది. జొన్నలో నయాసిన్ మరీ తక్కువేమీ కాదు, అది మొక్కజొన్నలో వలె అంత గట్టిగా బంధితమై ఉండదు. మరి జబ్బు ఎందుకు? కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా దీనిని పరిశీలించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండడమే నయాసిన్ వినియోగాన్ని దెబ్బతీస్తున్నదని 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతాన్ని తరువాతి పరిశోధకులందరూ అంగీకరించలేదు. అయినా ఒక్క ధాన్యం మీదే బతకవలసి రావడం ఎంత ప్రమాదమో అది మరోసారి చూపింది. నేను ప్రభుత్వ సర్వీసులో చేరిన తొలి ఏళ్లలో జొన్న పండే మెట్టప్రాంతపు ఆరోగ్యకేంద్రానికి వేసవి మొదట్లో ఇటువంటి రోగులు వచ్చేవారు. ఎక్కువగా కూలిపనికి వెళ్లే స్త్రీలు. నికోటినమైడ్ మాత్రలు ఇస్తే వారం తిరిగేలోగా నోటిపూత తగ్గేది, ముఖంలో కళ వచ్చేది. మరుసటి వేసవికి వారిలో కొందరు మళ్లీ వచ్చేవారు. ఇప్పుడు ఈ వ్యాధి ఎక్కువగా దీర్ఘకాలం మద్యపానం చేసేవారిలో, అరుదుగా క్షయకు ఐసోనియాజిడ్ వాడుతున్న బలహీనులలో కనిపిస్తుంది. ఎండ తగిలే చోట్ల రెండు వైపులా సమానంగా నల్లని గరుకు మచ్చలు కనిపిస్తే చర్మానికి పూతమందు రాసి ఊరుకోకుండా వైద్యుని సంప్రదించాలి.

మళ్లీ మిసిసిపికి వద్దాము. 1960లలో పత్తి తీసే యంత్రాలు, కలుపుమందులు వచ్చాయి. కౌలుదారుల అవసరం తీరింది. డెల్టాలో వేలాది కుటుంబాలకు పని పోయింది. అదే సమయంలో పలు కౌంటీలు ఉచిత ఆహార పంపిణీని ఆపి, ఆహార కూపన్ల పద్ధతికి మారాయి. కూపన్లు ఉచితం కావు. నిరుపేదలు కూడా తలకు నెలకు కనీసం 2 డాలర్లు చెల్లించాలి. చేతిలో డాలరు లేనివారికి ఆ పథకం ఎలా పనికివస్తుంది? 1967 ఏప్రిల్‌లో సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ డెల్టా గుడిసెలలోకి వెళ్లి కడుపులుబ్బిన పిల్లలను చూశాడు. మరుసటి నెలలో వచ్చిన వైద్యుల బృందం అక్కడి పిల్లలు ఆకలితో ఉన్నారని సెనేటు ఉపసంఘం ముందు చెప్పింది. రాష్ట్ర నాయకుల స్పందన 1921 నాటిదే: మా రాష్ట్రం పేరు చెడగొడుతున్నారు.

ఆ ఏడాదే బొలివర్ కౌంటీలోని మౌండ్ బయూలో, 1887లో విముక్త బానిసలు స్థాపించుకున్న ఆ పట్టణంలో, డాక్టర్ జాక్ గైగర్ టఫ్ట్స్ విశ్వవిద్యాలయం తరఫున ఒక ఆరోగ్యకేంద్రాన్ని తెరిచాడు. దక్షిణాఫ్రికాలోని ఫొలేలాలో సిడ్నీ, ఎమిలీ కార్క్ దంపతులు నడిపిన కేంద్రంలో విద్యార్థిగా ఆయన నేర్చుకున్న పద్ధతి ఇది. వచ్చిన పిల్లలలో ఎక్కువమంది పోషకాహార లోపంతో ఉన్నారు. డాక్టర్లు మందుల చీటీ మీద పాలు, గుడ్లు, కూరగాయలు, మాంసం అని రాయడం మొదలుపెట్టారు. కుటుంబం ఆ చీటీని నల్లజాతివారి కిరాణా కొట్టులో చూపితే సరుకులిచ్చేవారు. బిల్లు ఆరోగ్యకేంద్రం ఔషధ ఖాతా నుండి చెల్లించేవారు. మందుల నిధులు తిండికి వాడడమేమిటని ప్రభుత్వాధికారులు నిలదీశారు. పోషకాహార లోపానికి పాఠ్యపుస్తకాలు చెప్పే చికిత్స ఆహారమేనని గైగర్ జవాబిచ్చాడు. నిలదీసినవారు మౌనంగా వెళ్లిపోయారు. కేంద్రం బావులు తవ్వించింది, మరుగుదొడ్లు కట్టించింది. జాన్ హాచ్ నాయకత్వంలో వందలాది కుటుంబాలు కలిసి సహకార వ్యవసాయక్షేత్రం పెట్టుకున్నాయి. ఒకప్పుడు పత్తి తప్ప మరేదీ వేయనివ్వని నేల మీద వారు తమ తిండికి కూరగాయలు, చిక్కుళ్లు పండించుకున్నారు. గోల్డ్‌బెర్గర్ నలభై ఏళ్ల క్రితం అడిగినది అదే.

మౌండ్ బయూ కేంద్రం నేటికీ పనిచేస్తోంది. బోస్టన్‌లో, ఇక్కడ మొదలైన ఆ నమూనా అమెరికా అంతటా విస్తరించి, ఇప్పుడు దాదాపు 1400 సంస్థలు 3 కోట్లకు పైగా ప్రజలకు సేవలందిస్తున్నాయి. మిసిసిపి ప్రజారోగ్య చరిత్రంతా చీకటే అనడం కూడా న్యాయం కాదు. మతపరమైన మినహాయింపులు లేకుండా బడి పిల్లలకు టీకాలు తప్పనిసరి చేసి, దశాబ్దాలపాటు దేశంలోనే అత్యధిక టీకా శాతాన్ని నిలబెట్టిన రాష్ట్రం అది. 2023లో కోర్టు ఉత్తర్వు వల్ల ఆ నిబంధన సడలింది.

పేదలకు ప్రభుత్వ వైద్యబీమా అయిన మెడికెయిడ్‌ను కేంద్ర చట్టం ప్రకారం విస్తరించడానికి మాత్రం ఆ రాష్ట్రం ఇప్పటికీ అంగీకరించలేదు. ఖర్చులో అత్యధిక భాగం కేంద్రమే భరిస్తానన్నా ఒప్పుకోలేదు. 2023లో బాలింతలకు బీమాను ప్రసవానంతరం ఏడాదికి పొడిగించారు. 2024లో విస్తరణ బిల్లును ఉభయసభలూ వేర్వేరు రూపాలలో ఆమోదించినా, లబ్ధిదారు ఉద్యోగం చేసి తీరాలన్న నిబంధన దగ్గర రాజీ కుదరక అది వీగిపోయింది. ఆ ఏడాది మిసిసిపిలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 9.7 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే మరణించారు. 2025 ఆగస్టులో రాష్ట్ర ఆరోగ్యశాఖ దీనిని ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది.